కరవది సన్నాయి, కావేరి గాలి: షేక్ చినమౌలానా

1998లో మద్రాసు సంగీత అకాడమీ సంగీత కళానిధి బిరుదుకు ఎంచుకున్న విద్వాంసుడి పేరు షేక్ చినమౌలానా. అప్పటికి ఆయన వయసు 74. వాయించేది నాదస్వరం. పుట్టింది ఒంగోలు పక్కన కరవది. నివాసం శ్రీరంగం. కర్ణాటక సంగీత లోకంలో ఈ సంగతులు ఒకే మనిషి దగ్గర కలవడం ఎంత అరుదో తెలిసినవాళ్ళకు ఆ ఏడాది ప్రకటన మామూలు వార్తగా వినిపించి ఉండదు. అకాడమీ వేదిక ప్రధానంగా గాత్రానిది. తరువాతి వరస వీణ, వయొలిన్, మృదంగాలది. గుడిలోనూ పెళ్ళిలోనూ మోగే వాద్యానికి ఆ పీఠం మీద చోటు దొరకడం ఎప్పుడో గాని జరగదు. నాదస్వర చక్రవర్తిగా దక్షిణాది అంతా కొలిచిన టి.ఎన్.రాజరత్నం పిళ్ళైకే ఆ బిరుదు దక్కలేదు. ఆయన వాదనం విని వెర్రెత్తిపోయిన తెలుగు కుర్రవాడికి దక్కింది.

మన దగ్గర ఆ వాద్యం స్థితి ఏమిటో ముందు చెప్పుకోవాలి. తెలుగు పెళ్ళిలో సన్నాయి లేకపోతే పెళ్ళే కాదంటాం. మంగళసూత్రం కట్టేవేళ గట్టిమేళం అని అరుస్తాం. తాళి పడ్డాక మాత్రం డోలూ సన్నాయీ వాయించినవాళ్ళు ఏ రాగం ఎత్తుకున్నారో, ఏ కీర్తన వాయించారో అడిగేవాళ్ళు ఉండరు. వాళ్ళకు మనం పెట్టుకున్న పేరు భజంత్రీలు. గాయకుడైతే విద్వాంసుడు, సన్నాయి వాయిస్తే భజంత్రీ. వాయించేది అదే త్యాగరాజ కీర్తన, అదే ఆది తాళం. పందిట్లో వాళ్ళను కూర్చోబెట్టే చోటు, భోజనాలు పెట్టే వేళ కూడా ఈ తేడాను గుర్తుచేస్తూనే ఉండేవి.

ఈ వృత్తి తెలుగునాట ముఖ్యంగా రెండు వర్గాల చేతుల్లో నిలిచింది. ఒకటి నాయీబ్రాహ్మణ కుటుంబాలు. రెండోది ముస్లిం కుటుంబాలు, అందులోనూ దూదేకుల వారు. ఉమ్మడి గుంటూరు జిల్లాలో, అప్పట్లో దానిలోనే భాగంగా ఉన్న ఒంగోలు ప్రాంతంలో, రామాలయంలో సన్నాయి ఊదేది తరతరాలుగా షేక్ ఇంటిపేరున్నవాళ్ళే కావడం ఊళ్ళలో ఎవరికీ వింతగా తోచేది కాదు. ఇప్పుడు దాన్ని మతసామరస్యానికి ఉదాహరణగా వేదికల మీద చెబుతున్నాం. అప్పుడది ఉదాహరణ కాదు, ఊరి ఏర్పాటు. తెల్లవారుజామున గుడి దగ్గర వాయించడం, ఉత్సవానికి ఊరేగింపు ముందు నడవడం, పెళ్ళిళ్ళ కాలంలో ఊరూరా తిరగడం. ఇదే జీవనం.

చినమౌలానా 1924లో అలాంటి ఇంట్లోనే పుట్టారు. తండ్రి కాసిం సాహెబ్ నాదస్వర విద్వాంసుడు. తొలి పాఠం ఇంట్లోనే అయింది. తరువాత చిలకలూరిపేట ఆదం సాహెబ్ దగ్గర శిష్యరికం. చిలకలూరిపేట అంటే ఇవాళ పొగాకూ పత్తీ గుర్తొస్తాయి గాని, నాదస్వరానికి తెలుగునాట అదొక పెద్ద చిరునామా. ఆదం సాహెబ్ చేతికింద తయారైన విద్వాంసులు ఎందరో. ఆంధ్ర ప్రాంతంలో నాదస్వరానికి ఒక క్రమమైన చదువు అంటూ ఉందంటే అందులో ఆయనది పెద్ద వాటా.

ఇక్కడితో ఆగిపోయినా చినమౌలానా బతుక్కి లోటుండేది కాదు. మంచి గురువు, మంచి గొంతున్న వాద్యం, చేతినిండా పెళ్ళిళ్ళు, ఉత్సవాలు. అయితే ఆయన చెవిన రాజరత్నం పిళ్ళై పడ్డారు.

తిరువావడుదురై రాజరత్నం పిళ్ళై (1898–1956) నాదస్వరానికి చేసిన పని రెండు రకాలుగా ఉంటుంది. ఒకటి సంగీతంలో. మరొకటి హోదాలో. పాత నాదస్వరం పొట్టిది, శ్రుతి హెచ్చు. దాన్ని తిమిరి అంటారు. ఆరుబయట ఊరేగింపులో దూరానికి వినిపించడానికి అది చక్కగా సరిపోతుంది. రాగాన్ని నెమ్మదిగా విప్పడానికి అంత అనువుకాదు. నరసింగంపేటలో నాదస్వరాలు చేసే రంగనాథన్ ఆచారితో కలిసి పిళ్ళై పొడవైన, తగ్గు శ్రుతి నాదస్వరాన్ని వాడుకలోకి తెచ్చారు. దాన్ని బారి అంటారు. గంటల తరబడి ఒకే రాగం వాయించడానికి ఆ మార్పు దారి ఇచ్చింది. ఆయన తోడి రాగం గురించి తమిళనాట ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు. హోదా సంగతికొస్తే, నాదస్వరం వాయించేవాడు నిలబడి ఉండాలి, ఒంటిమీద చొక్కా ఉండకూడదు అన్న ఆచారాలను ఆయన లెక్కచేయలేదు. క్రాఫు చేయించుకున్నారు, కోటు తొడుక్కున్నారు, వేదిక మీద కూర్చుని వాయించారు. 1947 ఆగస్టులో ఢిల్లీలో స్వాతంత్ర్య వేడుకల వేళ మోగింది ఆయన నాదస్వరమే.

గుంటూరు ప్రాంతపు ముస్లిం యువకుడికి ఇందులో ఏది ఎక్కువ నచ్చిందో చెప్పడం కష్టం. నాదమే కావచ్చు. తన చేతిలో ఉన్న వాద్యంతోనే ఒకడు ఇంత చేయగలిగాడన్న ఆశ్చర్యమూ కావచ్చు. దానికి ఆయన స్పందించిన తీరు మాత్రం చాలామంది విద్వాంసులు చేసేది కాదు. రికార్డులు విని అనుకరించి ఊరుకోలేదు. తంజావూరు బాణీని దాని ఇంటికే వెళ్ళి నేర్చుకోవాలనుకున్నారు. కుంభకోణం దగ్గర నాచ్చియార్‌కోవిల్‌లో రాజం, దురైకన్ను అనే సోదర విద్వాంసుల దగ్గర మళ్ళీ శిష్యుడిగా చేరారు.

అప్పటికే వాయించడం వచ్చినవాడు మళ్ళీ శిష్యుడు కావడమంటే ఏమిటో నాదస్వరం నిర్మాణం తెలిస్తే అర్థమవుతుంది. శాక్సఫోన్‌కో క్లారినెట్‌కో ఉన్నట్టు దీనికి లోహపు మీటలుండవు. ఆచ్చా చెట్టు చేవతో చేసిన కర్ర గొట్టం, దానికి వేళ్ళతో మూసే ఏడు రంధ్రాలు, అడుగున గంట ఆకారం. నోటి దగ్గర సీవాళి అనే రెల్లు ముక్క. రెండు రెల్లు పొరల మధ్య నుంచి ఊపిరి పోవాలి. శుద్ధ స్వరాలు వేళ్ళతో వస్తాయి. వాటి మధ్య ఉన్న స్వరాలు, గమకాలు మాత్రం వేలు ఎంత తెరిచారు, పెదవి ఎంత బిగించారు, ఊపిరి ఎంత ఒత్తారు అన్న మూడింటి లెక్క మీదే పుడతాయి. వీణ మీద మెట్లుంటాయి, నాదస్వరం మీద ఉండవు. అంటే బాణీ మార్చుకోవడమంటే కొత్త కీర్తనలు నేర్చుకోవడం కాదు. ఊపిరి అలవాటును మార్చుకోవడం. చిన్ననాటి నుంచి ఒంటికి పట్టిన వాదన పద్ధతిని పక్కనపెట్టి, మరో పద్ధతిని మొదటి నుంచి పట్టడం. పైగా అది వేరే భాష మాట్లాడే ఊరు, వేరే తిండి.

ఇంకో గోడ కూడా ఉంది. తంజావూరు సీమలో నాదస్వరం ప్రధానంగా ఇసై వేళాళర్ల కులవృత్తి. కుటుంబాల మధ్య పెళ్ళి సంబంధాల ద్వారా, మేనమామల చాటున విద్య ఒక తరం నుంచి మరో తరానికి పోయేది. పైవాడికి, అందునా తెలుగు ముస్లింకు, ఆ ఇంటి తలుపు తెరుచుకోవడం చిన్న విషయం కాదు. రాజం, దురైకన్ను సోదరులు తలుపు తీశారు. చినమౌలానా పేరు చెప్పుకునే ప్రతిచోటా వాళ్ళ పేరూ చెప్పుకోవడం న్యాయం.

రాజరత్నం పిళ్ళై 1956 డిసెంబర్‌లో కన్నుమూశారు. తమిళనాట ఆ లోటు తీర్చగలవాళ్ళ కోసం వెతుకులాట సాగుతున్న రోజులవి. కారుకురిచ్చి అరుణాచలం వంటి ఉద్దండులు అక్కడే ఉన్నారు. నాదస్వరానికి తమిళ సమాజంలో ఎంత పట్టు ఉండేదంటే, 1968లో ఒక నాదస్వర విద్వాంసుడు కథానాయకుడిగా తీసిన తిల్లానా మోహనాంబాళ్ సినిమా పెద్ద విజయం సాధించింది. అందులో శివాజీ గణేశన్ వేళ్ళాడిస్తే వినిపించింది మదురై సోదరులు సేతురామన్, పొన్నుస్వామిల వాదనం. అలాంటి వాతావరణంలోకి చినమౌలానా 1960ల తొలినాళ్ళలో కచేరీలు చేస్తూ ప్రవేశించారు. కొద్దికాలానికే కాపురం శ్రీరంగానికి మార్చారు.

ఆ కాలాన్ని ఒకసారి తలుచుకోండి. 1953లో మద్రాసు రాష్ట్రం నుంచి ఆంధ్ర విడిపోయింది. మద్రాసు నగరం మాదా మీదా అని కొట్లాడుకున్న చేదు ఇంకా చల్లారలేదు. తెలుగు కళాకారులకు సొంత రాష్ట్రం, సొంత ఆకాశవాణి కేంద్రాలు, సొంత అకాడమీలు ఏర్పడుతున్నాయి. అందరూ ఇటు చూస్తున్నప్పుడు ఈయన అటు వెళ్ళారు. దాన్ని ద్రోహమనో నిరసననో అనలేం. లెక్క మామూలుది. ఇక్కడ నాదస్వరం మంగళవాద్యం. అక్కడ కచేరీ వాద్యం కూడా. తన వాద్యాన్ని మూడు గంటలు కూర్చుని వినేవాళ్ళు ఎక్కడ ఉంటే విద్వాంసుడు అక్కడే ఉంటాడు. త్యాగరాజు కీర్తనలు దాదాపు అన్నీ తెలుగులో రాస్తే వాటిని కాపాడింది ఎక్కువగా తమిళ గొంతులే అని మనం సగం గర్వంగా, సగం సిగ్గుగా చెప్పుకుంటాం. చినమౌలానా కథ దానికి కొనసాగింపే.

శ్రీరంగంలో ముస్లిం విద్వాంసుడు ఎలా ఇమిడాడన్న ప్రశ్న ఉత్తరాదివారికి ఎక్కువగా కలుగుతుంది. కాశీలో బిస్మిల్లాఖాన్‌ను చూసినట్టే ఈయననూ చూస్తారు. పోలిక సగమే కుదురుతుంది. బిస్మిల్లాఖాన్ చిన్నతనంలోనే కాశీకి చేరి, ఆ గాలిలోనే పెరిగారు. ఈయన నడివయసుకు దగ్గరపడుతూ, పేరు సంపాదించుకుంటూ, వేరే భాషా ప్రాంతం నుంచి వచ్చి స్థిరపడ్డారు. శ్రీరంగం మాత్రం ఇలాంటి రాకకు పూర్తిగా కొత్తది కాదు. రంగనాథుణ్ణి వలచి వచ్చిన సుల్తాను కూతురి కథ అక్కడి స్థలపురాణంలో ఉంది. తులుక్క నాచ్చియార్ పేరుతో ఆలయంలో ఆమెకు సన్నిధి ఉంది. ఆమె పేరు మీద స్వామికి రొట్టె నైవేద్యం పెడతారు. తిరుపతి బీబీ నాంచారమ్మ కథ విని పెరిగిన తెలుగువాళ్ళకు, ఉగాదికి దేవుని కడప వెంకన్న గుడికి వచ్చే ముస్లింలను చూసిన రాయలసీమవాళ్ళకు ఇదేమీ వింత కాదు. మౌలానా సాహెబ్ తన మతాచారాలు తాను పాటించుకుంటూనే రంగనాథుడి ముందు వాయించారు. ఆ రెండింటికీ మధ్య వైరుధ్యం ఆయనకు కనిపించలేదు. దాన్ని వివరించాల్సిన అవసరం తనకంటే అడిగేవాళ్ళకే ఎక్కువగా ఉండేది.

ఇక ఆయన వాదనం. రాజరత్నం పిళ్ళై బాణీని పట్టినవాళ్ళలో చాలామంది ఆయన జోరును పట్టారు. చినమౌలానా పట్టింది రాగాన్ని. ఆలాపనలో తొందరపడరు. షడ్జం దగ్గర నిలబడి, రాగం రూపం తేటతెల్లమయ్యేదాకా కింది స్థాయిలోనే తిరుగుతారు. పైకి వెళ్ళేసరికి శ్రోత సిద్ధంగా ఉంటాడు. నాదస్వరం సహజంగా గట్టి వాద్యం, పక్కన తవిల్ ఉరుముతూ ఉంటుంది. ఆ రెంటి మధ్య మెత్తదనం రాబట్టడం తేలిక కాదు. ఆయన ఊదుడులో ఆ మెత్తదనం ఉండేది. వేగంగా సాగే సంగతుల్లోనూ ఒక్కో స్వరం విడివిడిగా వినిపించేది.

దీనికి తోడు ఒక విషయం మనం గమనించదగ్గది. వాద్యానికి మాటలుండవు. అయినా కృతి వాయించేటప్పుడు ఊపిరి ఎక్కడ తీసుకోవాలన్నది మాట మీదే ఆధారపడుతుంది. పదం మధ్యలో విరిస్తే తెలుగు తెలియని శ్రోతకు తేడా తెలియకపోవచ్చు. తెలిసినవాడి చెవికి మాత్రం ముల్లు గుచ్చుకున్నట్టుంటుంది. త్యాగరాజ కృతులను పుట్టుకతో వచ్చిన భాషగా విన్నవాడు, తంజావూరు ఊపిరితో వాయిస్తే ఏమవుతుందో ఆయన రికార్డుల్లో వినొచ్చు. పల్లవిలోని మాట ఎక్కడ ముగుస్తుందో అక్కడే గాలి ఆగుతుంది. సాహిత్యం తెలిసినవాళ్ళు వింటూ లోపల పాడుకోగలుగుతారు. రెండు సీమలూ కలిసిన చోటు అదే.

గౌరవాలు 1970ల నుంచి వరుసగా వచ్చాయి. 1977లో పద్మశ్రీ. కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారం. విదేశాల్లోనూ కచేరీలు చేశారు. ఇవన్నీ చెప్పుకోదగినవే గాని, వాటికంటే 1982లో ఆయన శ్రీరంగంలో పెట్టిన పాఠశాల గురించి ఎక్కువ చెప్పాలి. పేరు శారదా నాదస్వర సంగీత ఆశ్రమం. తన విద్యాలయానికి చదువుల తల్లి పేరు పెట్టుకున్న ఆ పెద్దమనిషి, తాను ఎంత కష్టపడి ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాడో మరిచిపోలేదన్నమాట. నాదస్వరంలో విద్య ఎప్పుడూ ఇంట్లోనే ఉండిపోయేది. కొడుకుకు, మేనల్లుడికి, అల్లుడికి. బయటివాడికి దొరికితే అదృష్టం. బయటివాడిగా ఒక ఇంట్లో అడుగుపెట్టి నేర్చుకున్నవాడే ఇంటితో సంబంధం లేకుండా నేర్చుకునే చోటు ఏర్పాటు చేశారు.

ఆంధ్ర నుంచి శ్రీరంగానికి శిష్యులు రావడం మొదలైంది. ఒక రకంగా, కరవది, చిలకలూరిపేటల నుంచి ఒక్కడు తవ్విన కాలవలో తరువాత నీళ్ళు పారాయి. మనవలు కాసిం, బాబు తాత దగ్గరే నేర్చుకుని జంటగా కచేరీలు చేశారు. ప్రకాశం జిల్లా మూలాలున్న షేక్ మహబూబ్ సుభానీ, కలీషాబీ దంపతులు కూడా ఆయన శిష్యులే. కలీషాబీ సంగతి విడిగా చెప్పుకోవాలి. నాదస్వరానికి కావలసిన ఊపిరి బలం ఆడవాళ్ళకు ఉండదని నమ్మి, ఆ వాద్యాన్ని వాళ్ళ చేతికి ఇవ్వని లోకం ఇది. ఆమెను శిష్యురాలిగా తీసుకుని, భర్త పక్కన సమానంగా కూర్చుని వాయించే విద్వాంసురాలిగా తీర్చిన గురువు ఈయన.

ఇదే సమయంలో తెలుగు గడ్డ మీద ఉండిపోయినవాళ్ళు లేకపోలేదు. ఉమ్మడి కృష్ణా జిల్లా గోసవీడుకు చెందిన షేక్ హసన్ సాహెబ్ భద్రాచలం రాముడి సన్నిధిలో, ఆకాశవాణిలో దశాబ్దాలపాటు వాయించారు. ఆయనకు పద్మశ్రీ ప్రకటించింది 2022లో. అప్పటికి ఆయన ఈ లోకంలో లేరు. వెళ్ళినవాడికి పద్మశ్రీ 53వ ఏట వస్తే, ఉన్నవాడికి చనిపోయాక వచ్చింది. ప్రతిభలు తూచే పని మనది కాదు, ఇద్దరూ గొప్పవాళ్ళే. కానీ ఈ రెండు తేదీలను పక్కపక్కన పెట్టి చూస్తే చినమౌలానా కాపురం ఎందుకు మార్చారో ఎవరూ వివరించనక్కరలేదు.

సంగీత కళానిధికి ఎంపికైన విద్వాంసుడే ఆ ఏడాది అకాడమీ సభలకు అధ్యక్షత వహించాలి. 1998 డిసెంబర్‌లో, పండితులూ గాయకులూ కూర్చున్న ఆ సభలకు, ఒకప్పుడు పందిరి అంచున కూర్చోబెట్టే వాద్యం వాయించిన మనిషి పెద్దరికం వహించారు. ఆ తరువాత నాలుగు నెలలే. 1999 ఏప్రిల్‌లో ఆయన కన్నుమూశారు.

శ్రీరంగంలో ఆయన పాఠశాలను మనవలు నడిపించారు. సుభానీ, కలీషాబీ దంపతులూ శ్రీరంగంలోనే స్థిరపడ్డారు. 2020లో ఇద్దరికీ జంటగా పద్మశ్రీ ప్రకటించారు. కేంద్రం విడుదల చేసిన జాబితాలో వాళ్ళ పేర్లకెదురుగా ఉన్న రాష్ట్రం తమిళనాడు.